గాయానికి నానో చేయూత!

బోధన్‌లో 'షుగర్‌' అంటే ఒకప్పుడు ఫ్యాక్టరీయే. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్‌ వెలసింది. 2015 చివర్లో అది మూతపడింది. ఇప్పుడు ఆ మాట అంటే 'మాత్రలు వేసుకుంటున్నారా?' అన్న ప్రశ్నే ఎదురవుతుంది!

మధుమేహం ఉన్న రైతుకు చెరకు మోడు గుచ్చుకున్నా ప్రమాదమే. నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు. రక్తప్రసరణ తగ్గితే పుండు త్వరగా మానదు. ముదిరితే వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. విరిగిన ఎముకకు వేసిన రాడ్డుకూ, కృత్రిమ కీలుకూ క్రిముల బెడద తప్పదు. లోహంపై బ్యాక్టీరియా జిగురు పొరలా అల్లుకుంటే మందులు సరిగా పనిచేయవు. ఒక్కోసారి మళ్లీ ఆపరేషనే!

ఎముక మెచ్చే లోహం

ఇక్కడే నానో పదార్థాలు అక్కరకొస్తున్నాయి. మీటరులో వందకోట్లో వంతు నానోమీటరు. తల వెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు! ఆ మాటకొస్తే మన ఎముకా నానో నిర్మాణమే. కొలాజెన్‌ పోగుల మధ్య కాల్షియం ఫాస్ఫేట్‌ స్ఫటికాలు అతి సూక్ష్మంగా పేర్చి ఉంటాయి.

టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని 1952లో స్వీడన్‌ పరిశోధకుడు బ్రోనెమార్క్‌ కుందేలు కాలి ఎముకలో గమనించారు. ఆ లోహం ఉపరితలాన్ని నానో స్థాయిలో గరుకుగా, సన్నని గొట్టాల్లా మలిస్తే ఎముక కణాలు మరింత బాగా పట్టుకుంటాయి. గరుకు గోడకు సున్నం గట్టిగా పట్టినట్టన్నమాట. ఆ గొట్టాల్లో మందు నింపి, కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చూసే పరిశోధనలూ సాగుతున్నాయి.

వెండి పట్టీలు

వెండిని నానో రేణువులుగా మారిస్తే దాని ఉపరితలం ఎన్నోరెట్లు పెరుగుతుంది. వాటి నుంచి వెలువడే వెండి అయాన్లు బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి. కాలిన గాయాలకు వాడే ఇలాంటి పట్టీలు 1990ల్లోనే విదేశీ మార్కెట్లోకి వచ్చాయి.

పదార్థ శాస్త్రమూ వైద్యమూ చేయి కలపడం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. 1990ల్లో అబ్దుల్‌ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి చవకైన గుండె స్టెంటు రూపొందించారు. ఇలాంటి పరిశోధనలకు ఊతమిచ్చేందుకు కేంద్రం 2007లో నానో మిషన్‌ను ప్రారంభించింది.

మంత్రం కాదు

వెండి మోతాదు మించితే గాయాన్ని మాన్పే కణాలకూ చేటే. పైగా ఒంట్లో చక్కెర అదుపులో లేకపోతే ఎంత ఖరీదైన పట్టీ వేసినా పుండు మానడం కష్టం. అందుకే పొలం నుంచి రాగానే కాళ్లు కడిగి, అరికాళ్లు చూసుకోవాలి. చిన్న పుండైనా పసుపు అద్ది ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. నానో వైద్యం ఎంత ఎదిగినా... పాదాన్ని కాపాడే మొదటి చూపు ఇంట్లోవాళ్లదే!