ఎండిన చెరువుకు వానే కారణమా?

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. అంత పెద్ద చెరువు ఏళ్లకేళ్లు నిండకపోవడం ఇక్కడి ఆయకట్టు రైతులు కళ్లారా చూశారు. వాగులూ చెరువులూ ఎండితే, మూసీ నది మురిగితే మనం చెప్పుకునే కారణాలు చాలావరకు నిలబడవు.

అపోహ: వానలు తగ్గాయి, అందుకే నీళ్లు రావడం లేదు.

వాస్తవం: మూసీ ఎగువ ప్రాంతంలో వాన పెద్దగా తగ్గకపోయినా హైదరాబాద్ జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు చేరే నీరు తగ్గిందని అధ్యయనాలు తేల్చాయి. మన గ్రానైట్ నేలలో నీరు ఎక్కువగా నిలిచేది పైనున్న శిథిల రాతి పొరలో. బోర్లు ఆ పొరను ఎండగడితే తొలి వానలన్నీ ఆ లోటు పూడ్చడానికే సరిపోతాయి, వాగు పారేంత మిగలదు. పైగా వెంచర్లు వేసి చెరువులను కలిపే గొలుసు కాలువలను మట్టితో కప్పేస్తే, గట్టి వాన కురిసినా నీళ్లకు చెరువు దారి దొరకదు. అవే నీళ్లు కాలనీల్లోకి వస్తాయి.

అపోహ: పూడిక తీస్తే చెరువు బాగుపడ్డట్టే.

వాస్తవం: 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడికమట్టిని పొలాలకు చేర్చింది. మంచి పనే. కానీ పూడికతీత చెరువులో చోటు పెంచుతుందే తప్ప నీళ్లు తేదు. నీళ్లు రావాలంటే వాగులూ కాలువలూ మూసుకుపోకూడదు. అందుకే ప్లాటు కొనేవాళ్లు ముందు ఊరి నక్షాలో వాగు ఎక్కడుందో చూడాలని గట్టిగా చెప్తాను.

అపోహ: మూసీ ఎండాకాలంలోనూ పారుతోంది కదా!

వాస్తవం: నగరం దిగువన వేసవిలో పారేది చాలావరకు మురుగే. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటే చేపలు బతకవు.

అపోహ: గోడలు కట్టి, ఒడ్డున పార్కులు వేస్తే నది పునరుజ్జీవం పొందినట్టే.

వాస్తవం: అమెరికాలోని ఫ్లోరిడాలో కిసిమీ నదిని 1960ల్లో వరద అదుపు కోసమని తిన్నటి కాలువగా మార్చారు. తడినేలలు ఎండి, నీటిపక్షులు బాగా తగ్గిపోయాయి. 1999 నుంచి ఆ కాలువలో కొంత భాగాన్ని పూడ్చి, నీటిని పాత మెలికల్లోకి మళ్లించారు. ఆ నిర్మాణం ముగిసేసరికి 2021 వచ్చింది. పక్షులు తిరిగొచ్చాయి. వరద పరచుకునే నేల కూడా నదిదే. 1908 సెప్టెంబరు 28న మూసీ వేల ప్రాణాలు తీశాక ఎగువన జంట జలాశయాలు కట్టిన మన నగరం, ఆ నేలలోనే ఇళ్లు కట్టనివ్వడం నాకు మింగుడుపడదు.

అపోహ: తవ్విన ఇసుక వచ్చే వరదకు మళ్లీ వస్తుంది.

వాస్తవం: ఎగువన ఆనకట్ట ఉంటే ఇసుక చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఇసుక మేట నీటిని దాచుకుని చుట్టుపక్కల బావులకు ఊట ఇస్తుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇసుక తవ్వకాలపై ఆంక్షలు పెట్టింది ఈ భూగర్భజలం కోసమే.