కదిలే బొమ్మల వెనుక ఉన్న ఓపిక



అమలాపురము మొదలుకొని రాజోలు, కొత్తపేట లంక గ్రామాల వరకు మన కోనసీమలో ఏ ఇంటికి వెళ్ళినా ఈ రోజుల్లో ఒక మాట వినబడుతున్నది. "అయ్యగారూ, బొమ్మలు పెడితేనే గాని మా వాడు అన్నం తినడం లేదండీ" అని తల్లులు చెబుతారు. బొమ్మలంటే టీవీలోను, సెల్ ఫోనులోను వచ్చే కార్టూన్లు. పెద్దవారు కొందరు "అవన్నీ పనికిమాలినవి" అని ఒక్క మాటతో కొట్టివేస్తారు. ఈ రెండు మాటలను కాసేపు పక్కన పెట్టి, అసలు ఆ బొమ్మలు ఎలా కదులుతున్నవో, వాటి వెనుక ఎవరి కష్టము ఉన్నదో వ్రాయదలిచాము. అది తెలిస్తే బిడ్డకు ఏమి చూపించాలో, ఎంత చూపించాలో తల్లిదండ్రులకే తోస్తుంది.

బొమ్మ కదలదు

మొదట గమనించవలసిన సంగతి ఏమనగా, కార్టూనులో ఏ బొమ్మా కదలదు. చేయి దించి ఉన్న బొమ్మ ఒకటి, కొంచెము ఎత్తిన బొమ్మ ఒకటి, ఇంకొంచెము ఎత్తిన బొమ్మ ఒకటి, ఇలా వేరు వేరుగా గీసి వరుసగా త్వరత్వరగా చూపిస్తారు. మన కన్ను, మెదడు కలిసి వాటిని ఒకే కదలికగా అనుకొంటాయి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కళ్ళ ముందు నుండి పోతాయి. అంటే నిమిషానికి 1,440. ఒక్కొక్క బొమ్మను రెండేసి సార్లు చూపించి సగము పని తగ్గించుకొన్నా, నిమిషానికి 720 బొమ్మలు గీయవలసినదే. మన పిల్లవాడు నాలుగు ముద్దలు తినేలోపల వేల బొమ్మలు దాటిపోతున్నవన్న మాట.

మన పొరుగున ఉన్న పాత విద్య

దీపపు వెలుగులో బొమ్మను ఆడించి కథ చెప్పడము తెలుగువారికి కొత్త కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నములో తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబాలున్నవి. అనంతపురము వైపు నిమ్మలకుంట గ్రామము కూడ ఈ విద్యకు పేరు పొందినది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మేక తోలును వెలుగు దూరేటంత పలుచగా శుభ్రము చేసి, రంగులద్ది, చేతులు, కాళ్ళు విడివిడిగా చేసి కీళ్ళ దగ్గర దారముతో కట్టుతారు. తెల్లని తెర వెనుక దీపము పెట్టి ఆడిస్తారు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించకపోతే జనము లేచి పోయేవారట! సినిమా, టీవీ వచ్చిన తరువాత ఆటకు పిలిచేవారు తగ్గిపోయి, ఆ కుటుంబాలలో చాలామంది తోలుతో దీపపు గుడ్డలు, ఇంటి అలంకరణ వస్తువులు చేసి బ్రతుకుతున్నారు.

ఇటువంటి నీడబొమ్మలతోనే జర్మనీ దేశములో లోటె రైనిగర్ అనే స్త్రీ ఒక పూర్తి సినిమా తీసినది. నల్ల కాగితము బొమ్మలు కత్తిరించి, కీళ్ళు అమర్చి, వెలుగున్న అద్దము మీద పరచి, వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో, మళ్ళీ జరిపి ఒక ఫోటో తీసినది. 1923లో మొదలుపెట్టిన ఆ పని 1926లో తెర మీదికి వచ్చినది. నేటికి మిగిలియున్న పూర్తి నిడివి బొమ్మల సినిమాలలో అదే అన్నిటికంటె పాతది.

కాగితము నుండి కంప్యూటరు వరకు

ఆమె కంటె ముందే, 1892లో, ఎమిల్ రేనో అనే ఫ్రెంచి దేశస్థుడు చేతితో రంగులు వేసిన బొమ్మల పట్టీని తిప్పుతూ పారిస్ నగరములో తెర మీద ఆట చూపించాడు. సినిమా కెమెరా ఇంకా ప్రజల ముందుకు రాని రోజులవి. 1908లో ఎమిల్ కోల్ సుమారు 700 బొమ్మలు గీసి, ఒక్కొక్కటి కెమెరాతో తీసి, చిన్న చిత్రము చేశాడు. 1914లో అమెరికాలో విన్సర్ మెకే ఒక పెద్ద జంతువు నవ్వి, ఏడ్చి, చెప్పిన మాట వినేటట్లు వేల కాగితాల మీద గీశాడు. అయితే ప్రతి కాగితము మీదను వెనుక ఉండే కొండలు, చెరువు మళ్ళీ గీయాలి గదా! ఆ పనికే ఒక కుర్రవాణ్ణి పెట్టుకొన్నాడు.

ఈ కష్టాన్ని తప్పించినది ఎర్ల్ హర్డ్ అనే మనిషి ఉపాయము. కదిలే మనిషిని మాత్రము గాజువంటి పారదర్శకపు షీటు మీద గీసి, ఒక్కసారి వేసిన కొండల బొమ్మ మీద పరిస్తే చాలును. షీటుకు ముందు వైపు గీతలు, వెనుక వైపు రంగులు. ఆ పద్ధతిలోనే వాల్ట్ డిస్నీ సంస్థ 1937లో "స్నో వైట్" చిత్రము విడుదల చేసినది. అందులో ప్రధాన కళాకారులు ముఖ్యమైన భంగిమలు గీస్తే, వాటి మధ్య బొమ్మలు వేరే వారు పూరించారు. ఆ గీతలను షీట్ల మీదికి ఎత్తి రంగులద్దిన వారిలో ఎక్కువమంది పేర్లు తెర మీదికి రాని స్త్రీలు. ఇప్పుడు ఆ మధ్య బొమ్మలను చాలవరకు కంప్యూటరు పూరిస్తున్నది. అయినను కథ ఆలోచించడము, ముఖములో సంతోషము, దుఃఖము పలికించడము మనిషి పనియే.

మన దేశానికి వచ్చిన దారి

మన దేశములో దాదాసాహెబ్ ఫాల్కే 1915 ప్రాంతములో అగ్గిపుల్లలను జరుపుతూ చిన్న చిత్రము తీశారు. ఈ విద్యను పద్ధతిగా నేర్పడము మాత్రము 1956లో జరిగినది. ఆ సంవత్సరము క్లెయిర్ వీక్స్ అనే డిస్నీ కళాకారుడు బొంబాయిలోని ఫిలిమ్స్ డివిజనుకు వచ్చి మన యువకులకు నేర్పించాడు. ఆయన మిషనరీ తల్లిదండ్రుల కుమారుడు, మన దేశములోనే పుట్టినవాడు. ఆయన శిక్షణలో 1957లో "బన్యన్ డీర్" అనే జింక కథ తయారైనది. అప్పుడు నేర్చుకొన్న రామ్ మోహన్ గారిని తరువాత మన దేశపు యానిమేషనుకు పితామహుడని పిలిచారు.

తరువాతి కాలములో హైదరాబాదు ఈ పనికి ఒక కేంద్రమైనది. మొదట అక్కడివారు ఎక్కువగా విదేశీ సంస్థల కథలకు బొమ్మలు చేసి పంపేవారు. కథ వారిది, కష్టము మనవారిది. 2001లో రాజీవ్ చిలక గారు అక్కడ గ్రీన్ గోల్డ్ సంస్థను స్థాపించారు. 2008లో ఆ సంస్థ చేసిన "ఛోటా భీమ్" పోగో ఛానెలులో మొదలైనది. లడ్డూలు తిని బలము తెచ్చుకొనే ఆ పిల్లవాణ్ణి మన ఊరి పిల్లలు సొంతవాడిగా చూచుకొన్నారు. తెలుగులో తీసిన "కిట్టు" అనే చిత్రానికి 2006 సంవత్సరపు ఉత్తమ యానిమేషన్ చిత్రముగా జాతీయ పురస్కారము వచ్చినది.

తల్లిదండ్రులకు మనవి

మంచి పనిలోను అజాగ్రత్త ఉండకూడదు. 1997 డిసెంబరు 16న జపానులో "పోకెమాన్" కార్టూను చూస్తూ, అందులో ఎరుపు, నీలి వెలుగులు టపటప కొట్టినందున 600 మందికి పైగా పిల్లలు ఆసుపత్రులకు చేరారు. కాబట్టి గదిలో దీపము వేసి, టీవీకి దూరముగా కూర్చుండబెట్టండి. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దనియు, 2 నుండి 4 ఏళ్ళ వారికి రోజుకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఊరకుండడానికి ఫోను ఇస్తే, ఊరకుండడము రాదు గాని ఫోను అలవాటవుతుంది.

బైబిలు కార్టూన్ల విషయములోను ఒక మాట. "సూపర్‌బుక్" అనే ధారావాహిక 1981లో జపానులో తయారై అనేక భాషలలోనికి వెళ్ళినది. అందులో ఇద్దరు పిల్లలు, ఒక రోబో బైబిలు కాలానికి ప్రయాణము చేస్తారు. చూచిన పిల్లవాడు "దావీదు దగ్గర రోబో ఉన్నదా?" అని అడిగితే నవ్వి ఊరుకోకండి. గ్రంథము తెరచి, వ్రాయబడినది ఏది, బొమ్మలవారు కలిపినది ఏది అని కలిసి చదివి చూపండి. బొమ్మ పిల్లవాణ్ణి గుమ్మము దాకా తీసుకొని వస్తుంది, లోపలికి తీసుకొని వెళ్ళవలసినది అమ్మానాన్నలే.

చూడడము కంటె చేయడము మేలు. పాత నోటుపుస్తకములో పుట మూలల మీద ఎగిరే పక్షిని ఒక్కొక్క పుటకు కొంచెము మార్చి గీయించి, బొటనవ్రేలితో గబగబ తిప్పమనండి. పక్షి ఎగురుతుంది! సెలవుల బైబిలు పాఠశాలలో ఫ్లానెల్ బోర్డు బొమ్మలను గాని, కాలువ గట్టు ఒండ్రుమట్టితో చేసిన గొర్రెపిల్లను గాని కొంచెము కొంచెము జరుపుతూ ఫోనుతో ఫోటోలు తీయించవచ్చును. సెకనుకు 12 చొప్పున 10 సెకనులకు 120 ఫోటోలు కావాలి. పది సెకనుల వెనుక ఒక పూట కష్టమున్నదని బిడ్డ తన చేతులతో తెలుసుకొంటాడు.

లెక్కల పుస్తకము అంచున బొమ్మలు గీసినందుకు చెవి మెలి పెట్టించుకొనే పిల్లలు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. "బొమ్మలు కూడు పెడతాయా?" అని అడిగే తండ్రులకు మేము చెప్పేదొక్కటే. హైదరాబాదులో వందలాది కుటుంబాలకు అవే కూడు పెట్టినవి. లెక్కలు చేయమని తప్పక చెప్పండి. ఆ తరువాత ఆ పుట తిప్పి, వాడు ఏమి గీశాడో ఒకసారి చూడండి.