అందుకున్నవాడే మళ్లీ పంపితే

1518 మార్చిలో జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో మతగురువు మార్టిన్ లూథర్ ఒక చిన్న పుస్తకం వేయించాడు. డబ్బు కడితే పాపాల శిక్ష తగ్గుతుందంటూ చర్చి అమ్మిస్తున్న పత్రాల మీద విమర్శ అది. అంతకుముందు అక్టోబరులో ఆయన అదే సంగతి మీద రాసిన 95 వాదాలు లాటిన్‌లో ఉన్నాయి. ఇది మాత్రం జనం మాట్లాడుకునే జర్మన్‌లో, ఒక్క పెద్ద కాగితం మడతపెడితే సరిపోయే ఎనిమిది పేజీల్లో వచ్చింది. ఆ ఏడాదిలోనే పదిసార్లకు పైగా అచ్చయింది.

అన్నిసార్లు వేసింది లూథర్ కాదు. అప్పట్లో అక్కడ కాపీరైటు చట్టమేదీ లేదు. విటెన్‌బర్గ్ ప్రతి ఒక్కటి లైప్‌జిగ్‌కో న్యూరెంబర్గ్‌కో చేరితే చాలు. అమ్ముడుపోతుందనుకున్న ప్రెస్సు యజమాని తన ఖర్చుతో మళ్లీ అక్షరాలు పేర్పించి వేసుకునేవాడు. పుస్తకాల బండ్లు దేశమంతా తిరగనక్కర్లేదు. అచ్చుయంత్రం వేగం కన్నా నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది: అందుకున్నవాడే మళ్లీ పంపేవాడయ్యాడు.

చదువురానివాళ్లకు బొమ్మలుండేవి. 1523లో లూథర్, ఆయన సహచరుడు మెలాంక్తన్ వేసిన కరపత్రంలో పోప్ పదవికి గుర్తుగా ఒక వింత జంతువు కనిపిస్తుంది. గాడిద తల, ఒంటి నిండా పొలుసులు, ఒక కాలికి ఎద్దు గిట్ట, రెండో కాలికి పక్షి గోళ్లు. బొమ్మ కొత్తదేం కాదు. రోమ్‌లో టైబర్ నది ఒడ్డున అలాంటిది దొరికిందని 1496 నుంచీ చెప్పుకుంటున్నదే. పాత బొమ్మకు వీళ్లు కొత్త అర్థం తగిలించారు. ఇవాళ బ్రహ్మానందం ముఖం కింద ఒకరు పరీక్షల బాధ, ఇంకొకరు జీతం బాధ రాసుకుంటున్నదీ ఇలాగే.

మన ఊళ్లలోనూ ఒకప్పుడు అందుకున్నవాడే మళ్లీ పంపే పోస్టుకార్డులు తిరిగేవి. దేవుడి మహిమ గురించి నాలుగు మాటలు, కింద ఆజ్ఞ: ఇన్ని కార్డులు రాసి పంపాలి, రాసినవాడికి లాటరీ తగిలింది, చింపినవాడు రక్తం కక్కుకున్నాడు. ఒక్కొక్కరు పదిమందికి రాస్తే ఆరో విడతకు పది లక్షల కార్డులవుతాయి. అయితే పది కార్డులు రాయాలంటే చేయి నొప్పి, చేతి డబ్బు. ఆ శ్రమే గొలుసును తెంపేది.

వాట్సాప్‌లో ఆ శ్రమ లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయన్న పుకారు ఫోన్లలో చెలరేగింది. జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపి, అది అబద్ధమని జానపద కళాకారులతో పాటలు పాడించారు. ఇలాంటి ప్రయత్నం ప్రతిచోటా జరిగి ఉండాల్సింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, ఊరూరా తిరిగి అడుక్కుని బతికే ఐదుగురిని పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లనుకుని జనం కొట్టి చంపేశారు.

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఏ సందేశాన్నైనా ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. ఎవరినీ పంపొద్దనలేదు, ఇంకొకరికి పంపాలంటే మళ్లీ మొదటి నుంచి నొక్కాలి, అంతే. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ నెలలోనే కంపెనీ ప్రకటించింది.