పాత డయల్ ఫోన్ మళ్ళీ మోగాలంటే



ఈమధ్య మన హాస్టల్‌కి వచ్చినప్పుడు స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనుక పాత నల్ల ఫోన్ కనిపించింది. "పాడైపోయిందన్నా, పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారట" అన్నాడు ఒక తమ్ముడు. అది పాడవలేదు. దాని భాష ఇప్పటి యంత్రాలకు తెలియదు, అంతే!

మా రోజుల్లో దాని గంట మోగితే ఎవరింటి నుంచి కబురొచ్చిందోనని అందరం వరండాలోకి పరుగెత్తేవాళ్ళం. మేము చేసుకోకుండా డయల్‌కి తాళం ఉండేది. అయినా మాలో ఒకడు రిసీవర్ పెట్టే మీటను టకటకా నొక్కి ఇంటికి ఫోన్ కలిపేవాడు! అందులో మాయ లేదు, సైన్సే ఉంది.

రిసీవర్ ఎత్తితే తీగల్లో కరెంటు ప్రవహిస్తుంది. డయల్ తిప్పి వదిలితే అది వెనక్కి వస్తూ ఆ కరెంటును తెంపి కలుపుతుంది. 3 తిప్పితే 3 సార్లు, 9 తిప్పితే 9 సార్లు, 0 తిప్పితే 10 సార్లు. వేగం సెకనుకు సుమారు 10. ఎక్స్ఛేంజి వాటిని లెక్కపెట్టుకుంటుంది. అమలాపురం కోడ్ 08856 తిప్పితే 37 తెంపులు. మీట నొక్కినా కరెంటు తెగుతుంది కదా! మావాడు చేసింది అదే.

1963లో అమెరికాలో బటన్ ఫోన్లు వచ్చాయి. అందులో ఒక్కో బటన్‌కు రెండు స్వరాలు కలిసి వెళతాయి. నేటి ఫైబర్ మోడెంలు చాలావరకు ఆ స్వరాలనే గుర్తిస్తాయి, తెంపులను లెక్కపెట్టవు. కాబట్టి ఇలా చేయండి.

1. ముందుగా ప్లగ్గు తీసేయండి. గంట మోగేటప్పుడు తీగ ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

2. మన కోనసీమ తేమకి లోపలి రాగి భాగాలు చిలుము పడతాయి. పొడిగుడ్డతో తుడవండి. డయల్ మెల్లగా తిరుగుతోందని కొబ్బరినూనె పోయకండి, జిగురు కడుతుంది.

3. ఫోన్ లైను తీగలు రెండింటినీ చిన్న ప్లగ్గులోని మధ్య రెండు పిన్నులకు కలిపి, మోడెం వెనుక ఫోన్ సాకెట్‌లో పెట్టండి.

4. రిసీవర్ ఎత్తండి. డయల్ టోన్ వినిపిస్తే సగం పని అయినట్టే. బయటి నుంచి ఆ నంబరుకి ఫోన్ చేయించి చూడండి. గంట మోగితే, మాట్లాడటానికి చాలావరకు అడ్డేమీ ఉండదు.

5. ఇక్కడి నుంచి నంబరు కలవకపోతే, తెంపులను స్వరాలుగా మార్చే కన్వర్టర్‌ను ఫోన్‌కీ మోడెంకీ మధ్య పెట్టాలి. అది దుభాషి లాంటిది.

6. మన మాట అవతలివాళ్ళకు లీలగా వినిపిస్తుంటే, మైకులో బొగ్గు పలుకులు గడ్డకట్టి ఉండవచ్చు. రిసీవర్‌ని అరచేతిలో మెల్లగా తట్టండి.

సెల్ నంబరుకి చేసేటప్పుడు ముందు 0 తిప్పడం మరవకండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్లకు అది తప్పనిసరి అయింది.

ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి 1891లో పేటెంట్ పొందిన స్ట్రోజర్ అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఆయనకు చేతనైనది మీకెందుకు చేతకాదు? వార్డెన్ గారి అనుమతి తీసుకుని ఒక ఆదివారం కూర్చోండి. బాగైన రోజున మొదటి ఫోన్ మీ అమ్మకు చేయండి. ఈసారి డయల్‌కి తాళం ఉండదులెండి!

– మీ పూర్వ విద్యార్థి