కస్టమ్ లూప్ విప్పే ముందు ఈ రెండు తేడాలు చూడండి

కస్టమ్ వాటర్ కూలింగ్ ఉన్న పీసీ చూడ్డానికి అదిరిపోతుంది. కానీ లూప్ విప్పి బిగించిన ప్రతిసారీ లీక్ రిస్క్ ఉంటుంది. కూలెంట్ గ్రాఫిక్స్ కార్డ్ మీద పడితే ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అందుకే టెంపరేచర్ పెరిగింది కదా అని నేను వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోను. ముందు రెండు తేడాలు చూస్తాను.

ఒకటి, గది వేడికీ లూప్‌లోని నీటి వేడికీ మధ్య తేడా. రెండు, నీటికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా. నీటి కోసం చిన్న టెంపరేచర్ సెన్సర్ పెట్టుకుంటే చాలు. లూప్ కొత్తగా ఉన్నప్పుడే అరగంట ఫుల్ లోడ్ ఇచ్చి ఈ అంకెలు నోట్ చేసుకోండి. తర్వాత అదే లోడ్‌తో, అదే ఫ్యాన్ స్పీడ్‌తో పోల్చండి. మే నెలలో ప్రాసెసర్ 8 డిగ్రీలు ఎక్కువ చూపించినా, ఈ తేడాలు మారకపోతే అది ఎండ వల్లే. లూప్ బాగానే ఉన్నట్టు.

మొదటి తేడా పెరిగితే: ముందు రేడియేటర్‌లో దుమ్ము చూడండి. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. లూప్ విప్పే పనే లేదు.

రెండో తేడా పెరిగితే: థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా బ్లాక్‌లోని సన్నటి ఫిన్స్ మధ్య చెత్త చేరి ఉండొచ్చు. గ్రాఫిక్స్ కార్డ్‌కీ ఇలాగే పెరిగితే పంప్ ఫ్లో కూడా చెక్ చేయండి.

బ్లాక్ విప్పాల్సి వస్తే ముందు ఫొటో తీసుకోండి. మెత్తటి టూత్‌బ్రష్, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. నికెల్ పూత ఉంటే వెనిగర్ వద్దు. యాక్రిలిక్ భాగాలకు ఆల్కహాల్ తగలనివ్వకండి, పగుళ్లొస్తాయి. ఓ-రింగ్ నలిగితే మార్చేయండి.

లోపల కనిపించే చెత్త కూడా ఏదో చెబుతుంది. తెల్లటి జిగురైతే చాలావరకు మెత్తటి ట్యూబ్ నుంచి ఊరిన ప్లాస్టిసైజర్. పచ్చటి నాచైతే బయోసైడ్ పని చేయట్లేదన్నమాట. రాగి బ్లాక్‌తో అల్యూమినియం రేడియేటర్ కలిపితే మాత్రం ఎంత కడిగినా తుప్పు మళ్లీ వస్తుంది. బోరు నీళ్లు, ఆర్ఓ నీళ్లు అస్సలు పోయకండి. రెండింట్లోనూ లవణాలుంటాయి. రెడీమేడ్ కూలెంట్, లేదంటే తుప్పు పట్టనివ్వని ఇన్‌హిబిటర్, బయోసైడ్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ వాడండి.

మళ్లీ నింపాక తొందరపడొద్దు. మదర్‌బోర్డ్, గ్రాఫిక్స్ కార్డ్ పవర్ కేబుల్స్ అన్నీ తీసేసి, 24 పిన్ కేబుల్‌కి జంపర్ ప్లగ్ పెట్టి పంప్ ఒక్కటే నడపండి. ఫిట్టింగ్స్ కింద టిష్యూ పేపర్లు పరచండి. నేనైతే 24 గంటలు వదిలేస్తాను. టిష్యూ పొడిగా ఉంటేనే మిగతా కేబుల్స్ పెడతాను.

తేడాలు మారకపోయినా, కూలెంట్ బాటిల్ మీద రాసిన గడువు దాటనివ్వకండి. మార్చిన రోజు మళ్లీ ఆ రెండు అంకెలు నోట్ చేసుకోండి. వచ్చేసారి లూప్ విప్పాలా వద్దా అన్నది అవే చెబుతాయి.