వైర్‌లెస్ స్క్రీన్ షేరింగ్

ఒక కంప్యూటరు, ట్యాబ్లెట్ లేదా ఫోను తెరపై కనిపించే దృశ్యాన్ని తీగలు లేకుండా మరొక తెరపై చూపించే పద్ధతిని వైర్‌లెస్ స్క్రీన్ షేరింగ్ అంటారు. దీనిని ఇళ్ళలోను, సమావేశ మందిరాలలోను, తరగతి గదులలోను వాడతారు. తీగతో కలిపిన ప్రొజెక్టరు సాధారణంగా ఉపాధ్యాయుని బల్ల వద్దనే ఉండిపోతుంది. తీగ అవసరం లేనప్పుడు ఏ విద్యార్థి అయినా కూర్చున్న చోటి నుండే తన పనిని అందరికీ చూపవచ్చు. అందువలన ఇది సహకార అభ్యసనానికి అనువైన సాధనం.

== చరిత్ర ==
1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక ప్రదర్శనలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, మెన్లో పార్కులో ఉన్న సహోద్యోగితో తెరను పంచుకొని పనిచేసి చూపించాడు. 1980లలో జిరాక్స్ సంస్థకు చెందిన పార్క్ పరిశోధన కేంద్రంలో "కొలాబ్" అనే సమావేశ గదిని నిర్మించారు. అందరికీ ఎల్లప్పుడూ ఒకే దృశ్యం కనబడాలన్న నియమం ఆచరణలో ఇబ్బందికరమని, ఉమ్మడి తెరతోపాటు ఎవరికి వారికి సొంత తెర కూడా కావాలని అక్కడి పరిశోధకులు గుర్తించారు.

తీగలు లేని పద్ధతులలో ఆపిల్ సంస్థ ఎయిర్‌ప్లే 2010లో, వైఫై అలయన్స్ వారి మిరాకాస్ట్ 2012లో, గూగుల్ క్రోమ్‌కాస్ట్ 2013లో వచ్చాయి. క్రోమ్‌కాస్ట్ పరికరాల తయారీ 2024లో నిలిచిపోయినా, దానిలోని గూగుల్ కాస్ట్ పద్ధతి ఇతర టీవీలలో కొనసాగుతున్నది.

== పనిచేసే విధానం ==
1920 × 1080 బిందువుల తెరను సెకనుకు 30 చిత్రాల చొప్పున యథాతథంగా పంపాలంటే సెకనుకు దాదాపు 150 కోట్ల బిట్లు అవసరం. అందువలన పంపే పరికరం ఒక చిత్రానికి, తరువాతి చిత్రానికి మధ్య మారిన భాగాలపై ఆధారపడి సమాచారాన్ని ఎన్నో రెట్లు కుదిస్తుంది. అందుకొన్న పరికరం దానిని విప్పి తెరపై చూపుతుంది. ఈ పనికి పట్టే సమయం వలన దృశ్యం కొద్దిగా ఆలస్యంగా కనిపిస్తుంది.

మిరాకాస్ట్‌లో రెండు పరికరాలు రూటరు లేకుండానే నేరుగా కలుసుకోగలవు. ఎయిర్‌ప్లే, గూగుల్ కాస్ట్ పద్ధతులకు సాధారణంగా రెండూ ఒకే వైఫైలో ఉండాలి. కొన్ని విద్యాసంస్థలు భద్రత కోసం తమ వైఫైలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా అడ్డుకుంటాయి. అటువంటి చోట తెర ఎదురుగా ఉన్నా ఫోనుకు కనబడకపోవచ్చు.

== తరగతిలో వినియోగం ==
ఉదాహరణకు, రెండు సంఖ్యల మొత్తం 20, భేదం 4 అయితే ఆ సంఖ్యలేవి అన్న లెక్కను తీసుకొందాం. ఒక బృందం రెండు చరరాశులతో, మరొకటి ఒకే చరరాశితో సాధించవచ్చు. రెండింటినీ పెద్ద తెరపై పక్కపక్కన ఉంచితే, జవాబు (12, 8) ఒకటే అయినా దారులు వేరని విద్యార్థులు గ్రహిస్తారు. మూడవ బృందం గుర్తులలో పొరబడితే, ఏ మెట్టులో తప్పు జరిగిందో అందరూ కలిసి వెతకవచ్చు. ప్రదర్శన ముగిసిన తరువాత బృందాలకు తమ పనిని సవరించుకొనే వ్యవధి ఇవ్వాలి. లేనిచో ఇది చూడడంతోనే ముగుస్తుంది.

== పరిమితులు, జాగ్రత్తలు ==
* తెరను పంచుకొన్నప్పుడు సొంత సందేశాలు కూడా అందరికీ కనబడవచ్చు. ముందుగా నోటిఫికేషన్లను ఆపివేయడం మంచిది.
* తెరపై కనిపించే పిన్ సంఖ్యను అడిగే అమరిక ఉంటే, పక్క గదిలోని వారు పొరపాటున కలవకుండా ఉంటారు.
* విద్యార్థి అనుమతి లేకుండా అతని తప్పును అందరి ముందు చూపితే, తరువాత అతడు నోరు విప్పడానికి జంకవచ్చు. కొలాబ్ పరిశోధకులు గుర్తించిన సొంత తెర అవసరం ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఏది ఎప్పుడు చూపాలో బృందమే నిర్ణయించుకోవాలి.
* ప్రతి విద్యార్థి వద్ద పరికరం ఉండనవసరం లేదు. బృందానికి ఒకటి ఉంటే చాలు. అయితే అది ఒకరి చేతిలోనే ఉండిపోకుండా వంతులవారీగా మారాలి.

== ఇవి కూడా చూడండి ==
* వైఫై
* ప్రొజెక్టరు
* డగ్లస్ ఎంగెల్‌బార్ట్