మీకు తెలుసా? నాలుగో గంట నెత్తురు

చార్మినార్ వైపు నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. మందు మోతాదు మీద లండన్ దాకా వినిపించిన వాదన ఒకటి ఇక్కడి పాత ఆసుపత్రిలో రాజుకుంది. మత్తిచ్చే క్లోరోఫాం ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఎడిన్‌బరోలో చదివొచ్చిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. అది తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888లో, 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు వందల జంతువుల మీద పరీక్షలు చేశాయి. ఊపిరి గమనిస్తే చాలు, నాడి పట్టనక్కర్లేదని లారీ గట్టిగా నమ్మాడు. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని గుడ్‌మన్ లెవీ 1911లో చూపించాడు.

ఇప్పుడు పాతబస్తీలో ఏ గల్లీ మెడికల్ షాపులోనైనా దొరికే పారాసిటమాల్ ఎక్కువైతే ఊపిరీ నాడీ రెండూ చూసినా లాభం లేదు. మోతాదు మించిన మనిషి మొదటి రోజంతా మామూలుగానే తిరగొచ్చు. లోపల మాత్రం కాలేయం ఆ మందులో కొంత భాగాన్ని విషంగా మారుస్తుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ అయిపోయాక కణాలు చావడం మొదలవుతుంది. కళ్లు పచ్చబడేసరికి రోజులు గడిచిపోతాయి.

అందుకే నెత్తురు పరీక్ష. మింగిన నాలుగు గంటలకు ముందు తీస్తే మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, ఆ అంకెను నమ్మలేం. నాలుగో గంటకు మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములో అంతకు మించో ఉంటే చాలాచోట్ల విరుగుడు మొదలుపెడతారు. ఎనిమిదో గంటకు ఆ హద్దు 75కు దిగుతుంది. 1975లో ఇలాంటి హద్దును గీతగా చూపే పటాన్ని గీసిన ఇద్దరిలో బారీ రూమాక్ అమెరికన్. రెండో ఆయన హెన్రీ మాథ్యూ, లారీ చదివిన ఎడిన్‌బరోలోనే విషవైద్యుడు! విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. ఎనిమిది గంటల్లోపు పడితే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఫలితం ఆలస్యమయ్యేలా ఉంటే డాక్టర్లు దానికోసం ఆగరు, ముందే ఎక్కిస్తారు.

జ్వరానికి ఒక గోలీ, జలుబుకు ఇంకో గోలీ. రెంటిలోనూ పారాసిటమాలే ఉందని చాలా ఇళ్లలో తెలియదు. ఇలా రెండు మూడు రోజుల పాటు మోతాదు మించినవాళ్లకు ఈ గీత పనికిరాదు. వాళ్ల విషయంలో కాలేయ ఎంజైములు కూడా చూసి తేలుస్తారు. అనుమానం వస్తే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఖాళీ స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి, మింగిన వేళ కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టండి.